చిగుళ్ళ మీద నల్లగీత

మా దేవకి వదిన పిరికిది. ఈ మాట నేను ఆమె వెనక అనడం లేదు, ముఖం మీదే చాలాసార్లు అన్నాను, ఆమె ఒప్పుకుంది కూడా. గోడ మీద బల్లి ఉంటే ఆ గదిలో పడుకోదు. కరీంనగర్‌లో ఆటో ఎక్కితే మలుపు వచ్చినప్పుడల్లా ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుంటుంది. తను పాఠం చెప్పే కాలేజీలో ఆడపిల్లలు గట్టిగా నవ్వితే చాలు, చీర ఎక్కడైనా చిరిగిందేమోనని తడుముకుంటుంది. నాకేమో నోరు ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ. మా ఇద్దరినీ ఒకే ఇంట్లో పెట్టిన దేవుడికి సరదా బాగానే ఉన్నట్టుంది.

ఆమె నా భర్త భూపాల్‌రావుకు అక్క. మాది పోతులమడుగులో భూములున్న కుటుంబం. వేములవాడ బస్సెక్కి, దారిలో దిగి, కంకర బాట పట్టి నడిస్తే ఆ ఊరు వస్తుంది. ఊళ్ళో రైతుకూలీ సంఘం బలపడి, దొరల ఇళ్ళ మీదికి జనం రావడం మొదలైన రోజుల్లో మా మామ వెంకటేశ్వర్‌రావు అందరినీ వెంటబెట్టుకొని కరీంనగర్ చేరాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఊరి పేరు ఎత్తితే అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవారు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కోసం పిల్లలంతా రోడ్డెక్కి కాలేజీలు మూతపడ్డప్పుడు వదిన కరీంనగర్‌లో చుట్టాలింట్లో ఉండి బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతోంది. వీధిలో లాఠీల చప్పుడు వినిపించిన రోజు ఆమె మంచం కిందికి దూరిందని మా ఆయన ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. ఆ ఏడాదంతా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కెమిస్ట్రీ పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ చదివిందట. చదివి చదివి ఆ పిచ్చిలోనే పడిపోయింది. హైదరాబాద్ వెళ్ళి పెద్ద చదువు చదివి, పరిశోధన చేసి, కరీంనగర్‌కు లెక్చరర్‌గా వచ్చింది. పెళ్ళి మాట ఎత్తితే తలనొప్పి అని పడుకునేది.

ఆ పరిశోధన ఏమిటో నాకు ఒకసారి వంటింట్లో చెప్పింది. తను తయారుచేసేది ఒక రకం అణువు, ఉంగరం ఆకారంలో మధ్యలో ఖాళీ ఉంటుంది. నీళ్ళలో కరిగి కంటికి కనబడకుండా తిరిగే లోహపు కణాలు ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటాయి. చేతికి సరిపోయే సైజు గాజు ఉంటుంది కదా, అట్లా. చిన్న చేతికి జారిపోతుంది, పెద్ద చేతికి ఎక్కదు. వదిన చేసిన గాజు సీసం కణానికి సరిపోయేది. ఆ గాజుకు ఒక రంగును కూడా తగిలించింది. సీసం వచ్చి కూర్చోగానే పసుపుపచ్చ రంగు ఊదాగా మారుతుంది.

"ఇంత చదువు చదివి చివరికి గాజులు చేస్తున్నవా వదినె?" అని నేను ఎగతాళి చేశాను.

"పొటాషియం గూడ గదే సైజు సరళా. అది వచ్చి కూసుంటే రంగు మోసం చేస్తది. అందుకే గాజుల గంధకం పెట్టిన. సీసానికి గంధకమంటే ఇష్టం," అన్నది ఆమె చాలా సీరియస్‌గా. ఆ ఒక్క చిక్కు విప్పడానికే ఆమె యవ్వనం సగం పోయింది. ఆ మందు పూసి ఆరబెట్టిన సన్నని కాగితం ముక్కలు ఒక గాజు సీసాలో, బీరువాలో, పట్టుచీరల పక్కన ఉండేవి. బంగారం కూడా అంత జాగ్రత్తగా దాచలేదు ఆమె.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ఒక పొద్దున మల్లన్న వచ్చాడు. ఊళ్ళో మా ఇంట జీతం చేసిన మనిషి. గుమ్మం దాటి లోపలికి రాలేదు, అరుగు మీదే కూలబడ్డాడు. వదిన నీళ్ళ చెంబు ఇస్తే తాగకుండా పక్కన పెట్టాడు.

"నీ బాంచెన్ దొరసానమ్మా, నా పెండ్లాన్ని కాపాడు. రేపు అమాస. రేపు బాలవ్వ పండ్లు పీకుతరట," అన్నాడు.

చేతబడి చేసిందని అనుమానం వస్తే, మంత్రం పలకకుండా పళ్ళు ఊడగొట్టడం మా వైపు అప్పుడప్పుడూ వినే సంగతే. వినడం వేరు, ఆ మనిషి భర్త మన అరుగు మీద కూర్చోవడం వేరు. బాలవ్వ ఎవరో కాదు, మా పిల్లలకు పురుడప్పుడు నూనె రాసి నీళ్ళు పోసిన మనిషి.

మల్లన్న చెప్పిందిది. ఊళ్ళో పిల్లలకు కడుపునొప్పి. ముద్ద తింటే కక్కుతున్నారు, ఆడుకునే పిల్లలు గోడకు ఆనుకొని కూర్చుంటున్నారు. రాయమల్లు బిడ్డ అనసూర్యకు ఫిట్స్ వచ్చాయి. రాయమల్లు దుబాయిలో పనిచేస్తాడు, బిడ్డ సంగతి విని సెలవు పెట్టి వచ్చాడు. ఎవరెవరి పిల్లలకు బాగా లేదో చూస్తే, అందరూ బడి దగ్గర బాలవ్వ పోసే అంబలి తాగే పిల్లలే. ఆమె మందు పెట్టిందన్నారు. పట్టుకొచ్చి నోరు తెరిపించి చూశారు.

"చిగుల్ల మీద నల్లగ గీత ఉన్నది దొరసానమ్మా. పండ్లెంబడి, కాటుక పెట్టినట్టు. గది మంత్రం గీత అంటున్నరు. నేను గూడ చూసిన. నాకు గూడ..." అని ఆగిపోయాడు. తన భార్యను చూసి తనకే భయం వేసిందని చెప్పలేక ఏడ్చాడు.

"ఠాణాకు చెప్తే?" అన్నాను నేను.

"పోలీసోల్లు వచ్చి పోతరమ్మా. వాల్లు పోయినంక మేం ఆడ్నే బతకాలె."

వదిన ముఖం పాలిపోయి ఉంది. "బాలవ్వ చేతులు ఎట్లున్నయి మల్లన్నా? మణికట్టు వాలిపోతున్నదా?" అని అడిగింది. కుడి చెయ్యి ఎత్తలేకపోతున్నదనీ, అది కూడా చేతబడి తిరగబడ్డందుకే అంటున్నారనీ మల్లన్న చెప్పాడు. "అంబలి దేంట్ల కాస్తది?" అని అడిగింది వదిన.

"దొర ఇచ్చిన రాగి గుండిగలనే."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఊరితో మళ్ళీ మంచిగా ఉండాలని మా మామ పోయిన సంవత్సరం ఎండాకాలం ముందు ఆ పెద్ద గుండిగకు లోపల కలాయి పూత పెట్టించి అంబలి కాయడానికి ఊరికి ఇచ్చాడు. జొన్నపిండి అందులోనే ఉడికి, రాత్రంతా అందులోనే పులిసి, తెల్లారి పిల్లల గిన్నెల్లోకి పోయేది. వదిన లేచి లోపలికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

"బాపూ, గుండిగకు కలాయి తగరంతోనే పెట్టించినవా?" అని అడిగింది.

మా మామ పేపరు దించలేదు. కూరగాయల దగ్గర కూడా బేరం ఆడే మనిషి ఆయన. "తగరం పిరం ఉన్నదన్నడు వాడు. సీసం కలిపితె తక్కువల అయితదన్నడు. మెరిసింది కద, ఇంకేంది?" అన్నాడు.

వదిన కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి, అరుగు మీది మాటలు విన్న ఆయనకు సంగతి అర్థమైంది. పేపరు పక్కన పెట్టాడు. భయం ఆయనకూ తెలుసు. ఊరు వదిలి వచ్చిన నాటి నుంచి రాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చునేవాడు. "ఊరికి పోవద్దు. పోయి గుండిగ మనది, కలాయి మనది అని చెప్తె ఇంటి మీద పడ్తరు. కలాయి వాడు మోసం చేసిండని చెప్పు, లేకుంటె ఊకో," అన్నాడు.

తండ్రి మాటకు ఎదురు చెప్పిన అలవాటు ఆమెకు లేదు. ఆ రోజూ చెప్పలేదు. బీరువా తీసి గాజు సీసాను చేతిసంచీలో పెట్టుకొని నా వైపు చూసింది. మా ఆయన రాళ్ళ క్వారీ పని మీద ఊళ్ళో లేడు. ఆమెను ఒక్కదాన్ని పంపడం ఎట్లా? చెప్పులు వేసుకున్నాను.

మల్లన్నతో కలిసి బస్సెక్కాం, దారిలో వదిన ఒక్కటే మాట అన్నది. "కాలేజీ ల్యాబుల తప్పయితె మల్ల చేసుకోవచ్చు సరళా. ఇక్కడ తప్పయితె ఆమె పండ్లు పోతయి."

బడి ముందర వేపచెట్టు కింద జనం ఉన్నారు. రేపు అనుకున్నది ఇవాళే అయ్యేటట్టు ఉంది. గుంజకు ఆనించి బాలవ్వను కూర్చోబెట్టారు. కట్టేయలేదు, కట్టేయాల్సిన అవసరం లేదు, ఆమెలో లేచే శక్తి లేదు. కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. రాయమల్లు దుబాయి నుంచి తెచ్చుకున్న కొత్త పట్కారు పట్టుకొని తిరుగుతున్నాడు. ఎండకు అది తళతళ మెరుస్తోంది.

మమ్మల్ని చూసి జనం పక్కకు జరగలేదు. వెనకటి రోజుల్లో అయితే జరిగేవారు. ఊరి పెద్ద మొండయ్య మాత్రం, "ఏం పనిమీద వచ్చిండ్రు దొరసానమ్మా?" అని అడిగాడు. వదిన సంచీ పట్టుకొని నా వెనక్కి జరిగింది. నేనే చెప్పాను, అంబలిలో ఏముందో చూసే కాగితాలు తెచ్చిందని.

గుండిగలో పొద్దుటి అంబలి మిగిలి ఉంది. వదిన ఒక కాగితం ముక్క ముంచింది. బయటికి తీసి పట్టుకుంది. పసుపుపచ్చ అంచు మొదట మసకబారి, తర్వాత ఊదాగా మారిపోయింది. చూస్తున్నవాళ్ళు ముందుకు వంగారు.

"ఏమున్నది గండ్ల?" అన్నాడు మొండయ్య.

"సీసం. విషమే," అన్నది వదిన నిజం దాచడం చేతకాక.

అంతే. "విషం పెట్టింది!" అని ఒక్కసారి కేకలు లేచాయి. మేం కాపాడడానికి వచ్చి ఆమె మెడకు ఉరి బిగించినట్టయింది. మల్లన్న మా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. రాయమల్లు ఒక్క అంగలో బాలవ్వ దగ్గరికి పోయి ఆమె దవడ పట్టుకున్నాడు. "గీ గీత ఉన్న నోరు మంత్రం నోరు. నేను చెప్పలేదా?" అని అరిచాడు. పట్కారు ఆమె పెదవికి తగిలింది. ఆమె కళ్ళు మూసుకుంది.

నాకు భయం కోపంగా మారడం కొత్త కాదు. "రాయమల్లూ! నీకు నీ బిడ్డ బతుకుడు కావాల్నా, గీమె పండ్లు కావాల్నా? విషం ఏడికెల్లి వచ్చిందో తెల్వకుంటె రేపు గూడ నీ బిడ్డ గదే తాగుతది!" అని గొంతు చించుకున్నాను. అతని చెయ్యి ఆగింది. నా మాటకు కాదు, బిడ్డ అన్న మాటకు ఆగింది.

ఆ సందులో వదిన మాట్లాడింది. గొంతు వినబడకపోతే మొండయ్య అందరినీ గదమాయించి ఊరుకోబెట్టాడు. బాలవ్వ ఇంట్లో, ఆమె చేత్తోనే కాచుకున్న అంబలి ఉంటే తెమ్మన్నది. ఇంట్లో వాళ్ళది మట్టికుండ. ఆ కుండను రాయమల్లే వెళ్ళి తెచ్చాడు, దారిలో ఎవరినీ ముట్టనివ్వలేదు. గుండిగను అతనే కడిగాడు. కాగితం కూడా అతని చేతికే ఇచ్చింది వదిన. కుండలో ముంచి తీశాడు. పసుపుపచ్చగానే ఉంది. మరో ముక్క ముంచాడు. అదీ అంతే.

"చెయ్యి గామెదే. అంబలి గామెదే. సీసం లేదు," అన్నది వదిన. "ఇప్పుడు సగం గుండిగల పొయ్యి. సగం కుండలనే ఉంచు. రెంటి కింద మంట పెట్టు."

అతనే పోశాడు, అతనే మంట పెట్టాడు. ఆ తర్వాత వేచి ఉండడం తప్ప చేసేదేం లేదు. పులిసిన అంబలి కుతకుతలాడుతోంది. వదిన నా చెయ్యి పట్టుకుంది. కట్టెల బూడిద గిట్ల పడిందా, అందులో పొటాషియం ఉంటది, గాజు మోసపోతే ఎట్లా అని నా చెవిలో గొణిగింది. నువ్వు గంధకం పెట్టినవు కద, ఊకో అన్నాను, నాకేదో తెలిసినట్టు.

నీడ బడి మెట్ల మీదికి వచ్చాక మంట తీయించింది. రాయమల్లు కుండలో ముంచిన కాగితం పసుపుపచ్చగా వచ్చింది. గుండిగలో ముంచింది ఊదాగా వచ్చింది. అతను దాన్ని పారేసి ఇంకొకటి అడిగాడు. అదీ ఊదానే. ఆ సారి గుండిగలో అంబలి పోసింది అతనే, బాలవ్వ ముట్టనే లేదు. పట్కారు పట్టిన చెయ్యి కిందికి వాలింది.

అప్పుడు మొండయ్య మేం భయపడుతున్న ప్రశ్న అడిగాడు. "గుండిగకు సీసం ఎట్ల వచ్చింది?"

నేను వదిన వైపు చూశాను. కలాయి వాడు మోసం చేసిండని చెప్పు అన్న మామ మాట మా ఇద్దరి మధ్యా ఉంది. ఆ మాట చాలు, మేం క్షేమంగా బస్సెక్కవచ్చు. వదిన మొండయ్య వైపు తిరిగింది.

"గుండిగ మాది. తగరం పిరమని కలాయిల సీసం మా బాపు కలిపిచ్చిండు. తెల్వక కలిపిచ్చిండు. బాలవ్వ ఏం చెయ్యలే. పారబొయ్యబుద్ధి గాక అడుగున మిగిలింది గామె తాగింది, అందుకే అందరికంటె ఎక్కువ గామెకే ఎక్కింది. ఆ నల్లగీత సీసం గీత," అన్నది.

జనం మా చుట్టూ దగ్గరికి వచ్చారు. ఎవరో వదిన చేతిసంచీ లాగారు. "మీ దొరతనం పోయినా మీ విషం పోలేదు," అన్నారొకరు. రాయమల్లు ఇప్పుడు మా వైపు తిరిగాడు, అతని కళ్ళలో బాలవ్వ మీద ఉన్న కోపమంతా మా మీదికి మళ్ళింది. నా పిల్లలు గుర్తొచ్చారు. ఇక ఇక్కడి నుంచి ఇల్లు చేరలేమని అనుకున్నాను.

ఆ గలాటకు రాయమల్లు తల్లి భూమవ్వ భుజం మీదున్న అనసూర్య లేచి ఏడ్చింది. నోరంతా తెరిచి ఏడ్చింది. వదిన ఆ పిల్ల వైపు చూసి, తన మీదికి వస్తున్న మనిషిని మరచిపోయి ఒక అడుగు ముందుకు వేసింది.

"నన్ను ఏమన్న చెయ్యి రాయమల్లూ. ముందుగాల్ల నీ బిడ్డ నోరు చూడు," అన్నది.

అతను చూశాడు. కింది చిగురు మీద, పాలపళ్ళ వెంట, సన్నగా, అప్పుడే మొదలైన నల్లగీత. పొద్దుటి నుంచి ఏ గీతను చూపించి మంత్రం నోరన్నాడో అదే గీత. పట్కారు మట్టిలో పడింది. బిడ్డను ఎత్తుకొని బాలవ్వ పక్కనే నేల మీద కూలబడి, "అయ్యో, అయ్యో," అని తల కొట్టుకున్నాడు. బాలవ్వ కొంగు నోట్లోంచి తీయకుండానే, వాలిన చేత్తో ఆ పిల్ల పాదాన్ని తాకింది.

పిల్లలను ట్రాక్టరెక్కించి కరీంనగర్ తెచ్చాం. అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. రక్తనాళంలోకి ఎక్కించే ఒక మందు ఉందనీ, అది కూడా వదిన చేసిన గాజు లాగే ఒంట్లోని సీసాన్ని పట్టుకొని మూత్రంలో బయటికి తెస్తుందనీ అప్పుడే తెలిసింది నాకు. అనసూర్య బతికింది. చదువులో కొంచెం వెనకపడింది, అయినా బతికింది. బాలవ్వకు కూడా ఆ మందు ఎక్కించారు. గీత మెల్లగా పోయింది, కుడి చెయ్యి మాత్రం పూర్తిగా లేవలేదు. మా ఇంటి మీదికి ఎవరూ రాలేదు. మా మామ మాత్రం పోయేదాకా రాత్రిళ్ళు లేచి కూర్చున్నాడు, కుక్క మొరగకపోయినా.

వదిన ధైర్యవంతురాలైందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. బల్లి ఉన్న గదిలో ఇప్పటికీ పడుకోదు. సీసాలో మిగిలిన కాగితాలను కాలేజీలో పాఠానికి కూడా బయటికి తీయదు.

బాలవ్వ ఏటా మక్కకంకులు కాల్చుకొని మా ఇంటికి తెచ్చేది. వదిన ముందర కూర్చొని, తన పళ్ళతో కొరికి, "సూడు దొరసానమ్మా, మంచిగ కొరుకుతున్న," అని చూపించేది. అది చూస్తే వదిన ముఖం వెలిగిపోయేది. తొంభై నాలుగులో అనుకుంటాను, ఒక మధ్యాహ్నం అలాగే కంకుల మూట విప్పి, ఒకటి చేతిలోకి తీసుకుంది. నేను వంటింట్లోంచి నా మామూలు గొంతుతో, "వదినె, ఇయ్యాల అమాస, కొత్త చీర కట్టకు," అని అరిచాను.

అమాస అన్న మాటకు బాలవ్వ చెయ్యి ఆగింది. కంకిని మూటలో పెట్టేసి, కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన ఎంత చెప్పినా మాట్లాడలేదు, నీళ్ళు కూడా తాగలేదు. చివరికి వదిన కూడా ఆమె పక్కన చాప మీద కూర్చుంది. బస్సు టైమయ్యేదాకా ఇద్దరూ నోరు తెరవలేదు.